పనసవలస బండికి సుశ్రావ్య యోగం

మా బండికి బ్రేకుల్లేవని నేనెప్పుడూ అనలేదు. ఉన్నవాటి మీద నింద వెయ్యకూడదు. తొక్కగానే ముందు కీచుమని ఒక కేక పెడతాయి, తర్వాత కాసేపు ఆలోచిస్తాయి, ఆపైన బుద్ధి పుడితే పడతాయి. పనసవలస ఘాట్ రోడ్డు మీద ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, ఎదురుగా వెదురు లోడు లారీ వస్తుంటే, ఆ బుద్ధి పుట్టేదాకా ఆగడం ఎంత పుణ్యకార్యమో మీకు చెప్పినా అర్థం కాదు. నేను చూసినంతమంది దేవుళ్ళని ఏ యాత్రికుడూ చూసి ఉండడు.

నా పేరు కరుణకుమారి. కొండ మీది ఊళ్ళకి నర్సుని. టీకాల డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఎక్కుతాను, సాయంత్రానికి దిగుతాను. దిగేటప్పుడు ఒక్కోసారి నొప్పులు పడే తల్లి కూడా ఉంటుంది. మా డ్రైవరు పోలినాయుడు వెనక సీటు మడిచి దుప్పటి పరిచి పడక తయారుచేశాడు. ఆ పడక మీద దిగి కింద ఆస్పత్రిలో క్షేమంగా కన్న తల్లులు చాలామందే ఉన్నారు. ఈ కథ మొదలైనప్పుడు పనసవలస బుద్రికి ఆరో నెల. తొలిచూలు. పిల్లకి రక్తం తక్కువ. "నెలలు నిండగానే బండిలో దింపేస్తానమ్మా, భయపడకు" అని ఆమె చెయ్యి పట్టుకుని మాటిచ్చాను. మాటైతే ఇచ్చాను గానీ, బ్రేకుల తరఫున మాటెవరిస్తారు?

అందుకే ఆ నెల సిబ్బంది సమావేశంలో లేచి నిలబడ్డాను. కొండప్రాంత ఆరోగ్య విస్తరణ విభాగం జాయింట్ డైరెక్టర్ పరమహంస గారు వేదిక మీద ఉన్నారు. పక్కన సూపరింటెండెంటు. ముందు మైకు, మైకు ముందు పూలు, పూల వెనక జేడీ గారు.

"సార్, మా బండికి బ్రేకులు మార్చాలి సార్."

జేడీ గారు నావైపు జాలిగా చూశారు. "సిస్టర్, బ్రేకు దేనికి? ఆగడానికి. మన విభాగం పుట్టింది ఆగడానికా, సాగడానికా? ముందు మీ ఆలోచనా ధోరణి మారాలి" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నా పక్కన కూర్చున్న పోలినాయుడు కూడా కొట్టాడు. "ఏమయ్యా?" అని కసిరితే, "అందరూ కొట్టినప్పుడు నాను కొట్టకపోతే నా మొహమే కనబడతాదమ్మా" అన్నాడు.

తర్వాత జేడీ గారు ప్రసంగించారు. మధ్యలో ఒకసారి ఆగి మంచినీళ్ళు తాగారు, పక్కనున్న సూపరింటెండెంటు చెవిలో ఏదో గొణిగారు, మళ్ళీ అందుకున్నారు. ఆ ప్రసంగం మొత్తం రికార్డు చేశారు. చేసినవాళ్ళు ఊరికే ఉంటారా? పెన్ డ్రైవుల్లోకెక్కించి ప్రతి ఆఫీసు బండికీ ఒకటి పంపించారు. ఆనాటి నుంచి బండి కదిలితే ప్రసంగం మొదలవ్వాలి, బండి ఆగేదాకా ప్రసంగం ఆగకూడదు. "క్షేత్ర ప్రయాణ కాలము నందు సిబ్బంది జ్ఞానార్జన నిమిత్తము" అని ఉత్తర్వు.

మా బండిలో పాత స్పీకరు ఒకటుంది. అందులో జేడీ గారు మాట్లాడుతుంటే బోండాలు వేగుతున్నట్టుండేది. నీళ్ళు తాగిన చోట మాత్రం ఇంకా వింతగా బుసబుసమని ఏదో వినిపించేది. "పామేమోనమ్మా" అనేవాడు పోలినాయుడు.

అంతటితో పోతే బాగుండేది. ప్రసంగం మీద మాకు పరీక్ష పెట్టారు. జేడీ గారు సెలవిచ్చిన పంచసూత్రాలు రాయమన్నారు. ఎవరికీ ఒక్క సూత్రమూ వినపడి చావలేదు. పోలినాయుడొక్కడు "నీళ్ళు కాచి తాగవలెను" అని రాసి జిల్లాలో మొదటివాడిగా నిలిచాడు. ఆరోగ్యశాఖలో ఎవరు ఎప్పుడు ప్రసంగించినా ఆ ముక్క ఉండకుండా పోదని వాడి నమ్మకం.

ఫలితాలు చూసి జేడీ గారు కోప్పడలేదు. శాస్త్రీయంగా ఆలోచించారు. "ప్రసంగంలో లోపం ఉండే అవకాశం లేదు. ఎందుకంటే చేసింది నేను. సిబ్బంది చెవుల్లో లోపం లేదని వైద్యులు ధ్రువీకరించారు. కనక లోపం ఈ రెంటికీ నడుమ ఉంది" అన్నారు. నడుమ ఉన్నది స్పీకరు. అలా పుట్టింది సుశ్రావ్య వాహన పథకం. నిధులెక్కడివంటారా? వాహనాల మరమ్మతుల పద్దు ఖర్చవకుండా కూర్చుని ఉంది గదా, దాన్ని ఇటు తిప్పారు. ఇక బ్రేకులడిగితే "మరమ్మతుల పద్దులో నిధులు లేవు" అని రాయడానికి వాళ్ళకీ సులువైంది.

పథకం అమలుకి పట్నం నుంచి ధ్వని సలహాదారు దిగాడు. పేరు తన్మయ్. చెవుల మీద ఎప్పుడూ గిన్నెల్లాంటి హెడ్‌ఫోన్లు. చేతిలో ల్యాప్‌టాప్. మన మాట వినాలంటే ఒక గిన్నె పక్కకి జరిపి "చెప్పండి" అంటాడు. కుర్రాడు మంచివాడే, ఎవరి కడుపూ కొట్టాలని రాలేదు. కాకపోతే బండిలో మనుషులు ఎక్కుతారన్న సంగతి అతనికెవరూ చెప్పలేదు.

"సౌండ్ క్వాలిటీ అంటే స్పీకర్లు కొనడం కాదు సిస్టర్. ముందు బండిని నిశ్శబ్దం చెయ్యాలి" అన్నాడు. మాట సబబే అనిపించింది. తలుపులు విప్పి లోపల నల్లటి తారు అట్టలు అతికించాడు. కింద, పైన, పక్కల, ఎక్కడ రేకు కనిపిస్తే అక్కడ అంటించాడు. అద్దాల సందుల్లోంచి గాలి మోత వస్తోందని అద్దాలు పైకెత్తి బిగించేశాడు. తలుపుల్లో పెద్ద స్పీకర్లు, చెవుల ఎత్తున చిన్న స్పీకర్లు, నా సీటు కింద ఆంప్లిఫయరు. వెనకాల పడక ఉన్న చోట మాత్రం బియ్యం డ్రమ్మంత నల్ల పెట్టె దించాడు.

"ఇదేంటి నాయనా?"

"సబ్ వూఫర్. జేడీ గారి గొంతులో గాంభీర్యం దీన్లోంచే వస్తుంది."

"మరి మా తల్లులెక్కడ పడుకుంటారు?"

తన్మయ్ గిన్నె పక్కకి జరిపి, "ఏ తల్లులు?" అన్నాడు.

చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. జేడీ గారికి ఫోను చేశాడు. అటునుంచి వచ్చిన జవాబు నాకు మర్యాదగా అందించాడు. గర్భిణీ స్త్రీల రవాణా అనేది ఈ వాహనపు అధికారిక ప్రయోజనాల్లో ఎక్కడా లేదట. ఇన్నాళ్ళూ జరిగినదాన్ని పెద్దమనసుతో క్షమించారట. ఆ వారమే పైఊరి నుంచి ఒక తల్లిని నలుగురు మగాళ్ళు కర్రకి దుప్పటి కట్టి డోలీలో దించారు. వానలో, బురదలో, జారుతూ. బిడ్డ దక్కింది గనక సరిపోయింది. నాకైతే ఆ పెట్టెని లోయలోకి తన్నాలనిపించింది.

తర్వాత గలగల సర్వే. బండి నడుస్తుంటే గలగలమనేవన్నీ దించెయ్యాలి. స్టెప్నీ దించేశారు. జాకీ దించేశారు. ప్రథమ చికిత్స పెట్టె దించేశారు. మందు సీసాలు ఒకదానికొకటి తగిలి టింగుటింగుమంటున్నాయని, మందులిక నుంచి బస్సులో రావాలన్నారు. పనసవలసకి బస్సు లేదు. ఆ విషయం రవాణా శాఖ పరిధిలోకి వస్తుందన్నారు.

చివరికి తన్మయ్ నా చేతుల వైపు చూశాడు. "సిస్టర్, ఆ గాజులు..."

"గాజులు తియ్యడానికి మా ఆయనింకా బతికే ఉన్నాడు బాబూ!" అన్నాను. గొంతు కాస్త పెరిగినట్టుంది. ల్యాప్‌టాప్‌లో శబ్దం కొలిచే ఎర్రగీత ఒకటి పైకి లేచింది. పాపం అతను దాన్ని చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

ఇన్ని చేసినా బ్రేకుల జోలికి ఎవరూ రాలేదు. పైగా బండి మునుపటికంటే బరువెక్కింది. పోలినాయుడు గేర్ల మీద దించుకొస్తున్నాడు పాపం, చెమటలు కక్కుతూ. అద్దాలు బిగించేశారు గదా, ఎదురొచ్చే లారీ హారను కూడా వినబడదు. బుద్రికి ఎనిమిదో నెల వచ్చింది. వెళ్ళినప్పుడల్లా "బండి ఉందా సిస్టరమ్మా?" అని అడుగుతుంది. ఉందమ్మా అంటాను. ఉన్నమాట నిజమే గదా.

అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. బ్రేకులు పడట్లేదంటే పలికే నాథుడు లేడు. శబ్దం వస్తోందంటే? "ప్రసంగ శ్రవణమునకు అంతరాయము: ముందు చక్రముల వైపు నుండి కీచుధ్వని" అని రాసి పంపాను. ఏడాదిన్నరగా పోలినాయుడు మొత్తుకుంటే కదలని ఆఫీసు మర్నాటికల్లా కదిలింది. తన్మయ్, సూపరింటెండెంటు, వాళ్ళకి గొడుగు పట్టే అటెండరు, అందరూ వచ్చారు. బండిని ముందుకీ వెనక్కీ నడిపించి, బ్రేకు తొక్కించి, కీచుని రికార్డు చేసుకున్నారు. "చాలా తీవ్రమైన విషయం. జేడీ గారి మూడో సూత్రం మీద సరిగ్గా పడుతోంది" అన్నాడు తన్మయ్. నా సంతోషం చెప్పలేను. ఇంటికెళ్ళి పరమాన్నం వండుకున్నాను.

ఉత్తర్వు వచ్చింది. "కీచుధ్వనికి మూలము బ్రేకు వినియోగమని నిపుణులు తేల్చియున్నారు. కావున ప్రసంగము నడుచుచున్నంతసేపు బ్రేకు వినియోగించరాదు. వాహనము నడుచుచున్నంతసేపు ప్రసంగము ఆపరాదన్న పూర్వపు ఉత్తర్వు యథాతథముగా అమలులో నుండును."

రెండుసార్లు చదివాను. పోలినాయుడికి చదివి వినిపించాను. వాడు దించేసిన స్టెప్నీ మీద కూలబడి, "అంటే ఏటమ్మా, ఎక్కడమే గాని దిగడం లేదా?" అన్నాడు.

ఈలోగా తన్మయ్‌కి కొత్త పట్టుదల పట్టుకుంది. ప్రసంగంలో నీళ్ళు తాగిన చోట ఆ బుసబుస ఉంది చూశారూ, అది అతనికి నిద్ర పట్టనివ్వట్లేదట. "అక్కడ శబ్దం కింద ఏదో సమాచారం ఉంది సార్. మీరు ఒప్పుకుంటే శుభ్రం చేసి బయటికి తీస్తాను" అని నా ఎదురుగానే జేడీ గారినడిగాడు.

"తియ్యండి. నా నోటి నుంచి వచ్చిన ఒక్క మాట కూడా వృథా కాకూడదు" అన్నారు జేడీ గారు.

"నువ్వు విన్నావా బాబూ, అదేమిటో?" అన్నాను తర్వాత.

"నేను వినను సిస్టర్. గ్రాఫ్ చూస్తాను" అన్నాడు తన్మయ్.

అలా అన్ని హంగులూ పూర్తయ్యేసరికి రాష్ట్ర స్థాయి తనిఖీ వచ్చిపడింది. మా బండే జిల్లాకి ఆదర్శ సుశ్రావ్య వాహనం. బానెట్టుకి మామిడాకులు కట్టారు, అవి రెపరెపలాడుతున్నాయని మళ్ళీ విప్పారు. కమిషనర్ మేడం గారు వచ్చారు. సన్నగా, తక్కువ మాట్లాడే మనిషి. ఆఫీసు ఆవరణలో కూర్చుని వినిపిస్తాం అన్నారు జేడీ గారు. మేడం ఒప్పుకోలేదు. "ఇది తిరిగే బండి. పనసవలస వెళ్ళి వద్దాం" అన్నారు.

జేడీ గారి మొహంలో చిన్న మబ్బు కమ్మింది. కానీ ఆదర్శ వాహనమని బోర్డు కట్టింది ఆయనే. నడి సీట్లో మధ్యన మేడం, అటు జేడీ గారు, ఇటు నేను. ముందు పోలినాయుడు పక్కన తన్మయ్, ఒళ్ళో ల్యాప్‌టాప్. ఎక్కడం బాగానే ఎక్కాం. తారు అట్టల పుణ్యమా అని బండిలో చీమ చిటుక్కుమంటే వినబడేంత నిశ్శబ్దం. జేడీ గారి గొంతు ఎంత బాగా వచ్చిందంటే, ఆయన పంటి సందులో వక్కపలుకు కూడా ఎక్కడుందో తెలిసిపోతోంది. జేడీ గారు తన మాటలకి తనే తలాడిస్తూ కూర్చున్నారు.

పనసవలసలో బుద్రి గడపలో కూర్చుని ఉంది. తొమ్మిదో నెల. కాళ్ళు పొంగి ఉన్నాయి. బండిని చూసి లేవబోయింది. "ఇవాళ కాదమ్మా, నెలలు నిండనీ, వస్తాను" అన్నాను. ఆమె బండి వెనక్కి తొంగిచూసి, ఆ నల్ల పెట్టెని చూసి, మళ్ళీ కూర్చుంది. మేడం ఇదంతా చూశారు.

దిగడం మొదలైంది. ఊళ్ళో బండి ఆగినప్పుడు ఆగిన ప్రసంగం ఆగిన చోటి నుంచే అందుకుంది. మొదటి మలుపు పోలినాయుడు గేర్ల మీద తిప్పాడు. రెండో మలుపుకి బండి కొంచెం పరుగందుకుంది. ప్రసంగం మూడో సూత్రం మీద ఉంది.

"ఏమయ్యా, నెమ్మది" అన్నారు జేడీ గారు.

"అలాగే సార్" అన్నాడు పోలినాయుడు. బండి వేగం తగ్గలేదు.

"బ్రేకు తొక్కు!"

"ప్రసంగం నడుస్తంది సార్."

"అయితే ప్రసంగం ఆపు!"

"బండి నడుస్తంది సార్."

"ఆ ఉత్తర్వులు నేను రద్దు చేస్తున్నానయ్యా!"

"నోటిమాట చెల్లదని కిందటేడు తవరే ఉత్తర్వు పంపారు సార్" అన్నాడు పోలినాయుడు. వాడి మెడ మీద నరం ఉబ్బి ఉంది, ఎక్కడా వెటకారం లేదు. లోయ వైపు చూడలేక నేను మేడం చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ నా చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకున్నారు.

"తొక్కరా బాబూ! నీకు దణ్ణం పెడతాను, తొక్కరా!" జేడీ గారి గొంతు చిన్నపిల్లాడిలా అయిపోయింది.

పోలినాయుడు తొక్కాడు. కీచుమన్నదో లేదో మాకు తెలియదు, అట్టలు అంత బాగా పనిచేశాయి. బ్రేకు మాత్రం ఆలోచనలో పడింది. అప్పుడే స్పీకర్లలో జేడీ గారు ఆగారు. గ్లాసు బల్ల మీంచి తీసిన చప్పుడు. గుటక. తర్వాత ఇదివరకు బుసబుసమన్న చోట, చెవిలో నోరు పెట్టి చెప్పినంత స్పష్టంగా, సబ్ వూఫర్ గాంభీర్యంతో ఈ మాటలు వచ్చాయి.

"ఎవరయ్యా ఆవిడ, బ్రేకులూ బ్రేకులూ అని నా ప్రాణం తీస్తోంది? కొండ దిగేటప్పుడు దేవుడు చూసుకుంటాడు లే. ఆ మరమ్మతుల పద్దులో కొంత నా కారు సీటు కవర్లకి ఉంచు. చేపల పులుసు వచ్చిందా?"

మళ్ళీ గొంతు సవరింపు. "ప్రజారోగ్యమే మన ఊపిరి!" చప్పట్లు.

మూడో మలుపులో రోడ్డు పనికని పోసిన ఇసుక గుట్ట ఉంది. పోలినాయుడు ఎదురుగా చూస్తూ, స్టీరింగు కోసి, బండిని తీసుకెళ్ళి దాంట్లో దూర్చాడు. వెనకాల నల్ల పెట్టె ఎగిరి, తలుపు బద్దలుకొట్టుకుని, లోయలోకి గెంతింది. దొర్లుతున్నంతసేపూ చప్పుడు వచ్చింది. ఆ చప్పుడు నాకు చాలా సుశ్రావ్యంగా ఉంది.

అందరం బతికే ఉన్నాం. జేడీ గారి జుట్టు నిండా ఇసుక. మేడం చీర దులుపుకుని, ఆయన వైపు తిరిగి, "చేపల పులుసు బాగుందా అండీ?" అని అడిగారు. ఆ రోజు మొత్తానికి ఆవిడ వేసిన ప్రశ్న అదొక్కటే.

విచారణ సంఘం వేశారు. జేడీ గారి ఉద్యోగం ఊడిందనుకుంటున్నారేమో, మీది మరీ పసిమనసు. ప్రమాదానికి కారణం మితిమీరిన స్పష్టత అని సంఘం తేల్చింది. బ్రేకు తప్పు లేదు, జేడీ గారి తప్పు లేదు. పోతే, రెండు ఉత్తర్వులు ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటున్న మాట నిజం. కానీ ఇచ్చిన ఉత్తర్వు వెనక్కి తీసుకోవడం మా విభాగం చరిత్రలో లేదు. అందుకని రెండూ నిలబడేలా మూడో ఉత్తర్వు పుట్టింది. బ్రేకు మీద కాలు పడగానే ప్రసంగం దానంతటదే ఆగిపోయేలా తీగ కలపాలి, కాలు తియ్యగానే మళ్ళీ మొదలవ్వాలి. ఇక బ్రేకు తొక్కినప్పుడు ప్రసంగం ఉండదు, ప్రసంగం ఉన్నప్పుడు బ్రేకు ఉండదు. విభాగంలోని ప్రతి బండికీ, పై నుంచి కింది దాకా, మినహాయింపు లేకుండా.

తీగ కలపాలంటే బ్రేకు కుదురుగా పనిచెయ్యాలని తన్మయ్ రాశాడు. మనిషి ప్రాణానికి దొరకని బ్రేకులు ప్రసంగ విరామ సాధనం అన్న పేరుతో వారం తిరక్కుండా వచ్చాయి. అతను ఆ మాట రాసేటప్పుడు చెవుల మీద గిన్నెల్లేవు. గ్రాఫ్ చూశాడా, మా మొహాలు చూశాడా అన్నది నేనడగలేదు.

బుద్రిని ఆ బండిలోనే దింపాం. నల్ల పెట్టె పోయింది గదా, దుప్పటి మళ్ళీ పరిచాడు పోలినాయుడు. పైనుంచి కిందిదాకా బ్రేకు మీద వేసిన కాలు తియ్యలేదు. ప్రసంగం "ప్రియమైన" దగ్గరే ఉండిపోయింది. అద్దాలు విప్పించుకున్నాను. బుద్రి నొప్పి నొప్పికీ నా గాజులు పట్టుకుని గుంజింది, రెండు చిట్లాయి. కింద ఆస్పత్రిలో క్షేమంగా కన్నది. ఆడపిల్ల. నా తల్లి, ఏం కేక పెట్టిందనుకున్నారు! నా కళ్ళమ్మట నీళ్ళు ఆగలేదు.

నిన్న జేడీ గారి డ్రైవరు ఆఫీసు దగ్గర టీ తాగుతూ కనిపించాడు. కొత్త సీటు కవర్లలో జేడీ గారు దర్జాగానే తిరుగుతున్నారట. "కానీ సిస్టరమ్మా, ఎక్కడికీ టైముకి చేరట్లేదు" అన్నాడు.

"ఏం, బండి బాలేదా?"

"బండి బంగారం. మినహాయింపు లేదన్నారు గదా, ఆయన బండిలోనూ అదే, శుభ్రం చేసిన ప్రసంగం. నీళ్ళు తాగే చోటు దగ్గర పడుతోందంటే చాలు, వెనకనుంచి నా భుజం పట్టుకుని ఒకటే గోల."

"ఏమంటారు?"

"బ్రేకు తొక్కు నాయనా, బ్రేకు తొక్కు అంటారు."